పాత సునామీల జాడలు మట్టిలో వెతకడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి జియాలజీలో డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. ఒక లెక్చర్ విని వచ్చినప్పటి నుంచి ఒకటే మాట, వందల వేల ఏళ్ల కిందటి సునామీల గుర్తులు తీరంలోని మట్టి పొరల్లో వెతికే పనే చేస్తానంటోంది. అందులో బతుకుతెరువు ఉంటుందా? నాకూ, వాళ్ల నాన్నకూ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, "పాత సునామీలు వెతికేవారు కావలెను" అనే ప్రకటన మీకు ఎక్కడా కనిపించదు. అలాగని ఆ పని లేదనుకోకండి, అది వేరే పేర్లతో ఉంటుంది. ముందు మీ అమ్మాయి దేని మీద మనసు పడిందో చెబుతాను, అది తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది.

2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత థాయ్‌లాండ్‌లోని ఫ్రా థోంగ్ దీవిలో పరిశోధకులు ఇసుక దిబ్బల మధ్య ఉన్న తడి పల్లాల్లో గుంటలు తవ్వారు. పైన 2004 నాటి లేతరంగు ఇసుక, కింద నల్లటి మట్టి, ఆ కింద మళ్లీ ఇసుక, మళ్లీ నల్ల మట్టి. అలాంటి పల్లంలో ఆకూ అలమూ కుళ్లి నల్ల మట్టి ఏళ్ల తరబడి పేరుకుంటుంది, సముద్రపు ఇసుక మామూలుగా అక్కడికి రాదు, వచ్చిందంటే ఏదో పెద్దదే తెచ్చి పడేసినట్టు. 2004కు ముందు వచ్చిన అంత పెద్ద సునామీ 550 నుంచి 700 ఏళ్ల కిందటిదని ఆ పొరలను బట్టే 2008లో తేల్చారు.

అయితే తుఫాను ఉప్పెన కూడా ఇసుక తెస్తుంది కదా. అసలు కష్టమంతా ఇక్కడే, నా దృష్టిలో ఈ రంగంలో ఎవరు నిలబడతారో తేలేదీ ఇక్కడే. సునామీ పొర సాధారణంగా లోపలికి పోయేకొద్దీ పలచబడుతుంది, రేణువులు సన్నబడతాయి, చాలా దూరం సాగుతుంది, ఇసుకలో కింది నేల నుంచి పెళ్లగించుకొచ్చిన బంకమట్టి ముక్కలు కూడా కనిపించవచ్చు. వీటిలో ఏ ఒక్క గుర్తూ రుజువు కాదు, అన్నీ కలిపి చూడాలి. అందుకే మైక్రోస్కోప్ కింద డయాటమ్‌లను గంటల తరబడి లెక్కపెడతారు. గాజులాంటి సిలికా పెంకులుండే ఈ సూక్ష్మజీవుల్లో ఉప్పునీటి జాతులు మంచినీటి పల్లంలో దొరికితే అది సముద్రం లోపలికి వచ్చిందనడానికి మంచి ఆధారం. తర్వాత వయసు కట్టాలి: పొర కింద, పైన దొరికిన గింజలకో ఆకులకో కార్బన్ డేటింగ్ చేస్తారు, లేదంటే ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో కొలుస్తారు.

"ఇదంతా ఎవరికి కావాలి" అని వాళ్ల నాన్న అడిగితే సెందాయ్ మైదానం గురించి చెప్పండి. జపాన్‌లో 869లో వచ్చిన జోగన్ సునామీ గురించి పాత రాజ చరిత్రలో రాసి ఉంది. ఆ ఇసుక పొర సెందాయ్ పొలాల కింద నిజంగానే దొరికింది, దాని పైన 915లో తొవాడా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద ఉండడంతో కాలం కూడా సరిపోయింది. ఆ ఆధారాన్ని 2009లో యుకినోబు ఒకమురా అనే భూగర్భ శాస్త్రవేత్త అణు కేంద్రాల భద్రతను సమీక్షించే ప్రభుత్వ కమిటీ ముందు పెట్టారు. తగిన చర్యలు తీసుకునేలోపే 2011 మార్చి 11న ఫుకుషిమా అణు కేంద్రాన్ని ముంచిన సునామీ వచ్చేసింది. ఆ తర్వాత కొలిస్తే ఇంకో సంగతి బయటపడింది, కళ్లకు కనిపించే ఇసుక ఆగిపోయిన చోటును దాటి నీళ్లు ఇంకా చాలా లోపలికి వెళ్లాయి. అంటే ఇసుకను మాత్రమే నమ్మితే పాత సునామీని చిన్నదిగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. దీని మీద చేయాల్సిన పని ఇంకా బోలెడుంది.

ఇక ఉద్యోగాల సంగతి. ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థలు, విశ్వవిద్యాలయాలు, అణు కేంద్రాలకూ ఓడరేవులకూ స్థలాల ముప్పును అంచనా వేసే కన్సల్టెన్సీలు, విపత్తుల నష్టాన్ని లెక్కగట్టే బీమా రంగం, ఇవే ప్రధాన దారులు. పరిశోధన చేయాలంటే పీహెచ్‌డీ తప్పదు, అందులో స్థిరపడడానికి ఏళ్లు పడుతుంది, ఈ మాట మీ దగ్గర దాచను. కాబట్టి ఇప్పుడే "సునామీ స్పెషలిస్ట్" అనే ముద్ర వేసుకోవద్దని చెప్పండి. సెడిమెంటాలజీ, అంటే ఇసుక, మట్టి ఎలా పేరుకుంటాయో చెప్పే శాస్త్రం, గట్టిగా చదవాలి, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల మీద చేసే విశ్లేషణ) రావాలి, స్టాటిస్టిక్స్‌కు భయపడకూడదు, వీటితో పాటు ల్యాబ్‌లో చేతితో చేసే నైపుణ్యం ఒక్కటైనా ఉండాలి, అది డయాటమ్‌లైనా సరే, డేటింగ్ అయినా సరే. సునామీల్లో పని దొరక్కపోయినా భూగర్భ జలాలు, తీరం కోత, పాత వాతావరణం, వీటన్నిటిలోనూ ఇవే పనికొస్తాయి. మాస్టర్స్‌కు కాలేజీ పేరు కన్నా, తీరపు మట్టి మీద పనిచేస్తూ విద్యార్థులను ఫీల్డ్‌కు తీసుకెళ్లే గైడ్ ఎవరున్నారో చూసుకోవడం ముఖ్యం.

ఈలోగా ఒక పని చేయించండి. ఈ సెలవుల్లో తీరపు మట్టి మీద పనిచేసే ఏదైనా ల్యాబ్‌లో పది రోజులు సాయం చేస్తానని తననే ప్రొఫెసర్లకు రాయమనండి, మీరు రాయొద్దు. మోకాలి లోతు బురదలో నిలబడి గొట్టం దింపడం, తీసిన మట్టిని సెంటీమీటర్ చొప్పున కోసి సంచుల్లో వేసి పేర్లు రాయడం, జల్లెడ పట్టడం, ఇవే ఇస్తారు. ఆ పది రోజులయ్యాక కూడా ఇదే చేస్తానంటే నాకు మళ్లీ రాయండి, మాస్టర్స్ దరఖాస్తుల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.