రేడియేషన్‌కు బదులుగా వేడి చికిత్స సరిపోతుందా? (సమాధానం)

నమస్కారం అండీ. మీ అమ్మగారి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ మాన్పించి, హైపర్‌థెర్మియా అనే వేడి చికిత్స ఒక్కటే చేయించమని బంధువులు ఒత్తిడి చేస్తున్నారని రాశారు. దయచేసి రేడియేషన్ ఆపించకండి.

ఈ వేడి చికిత్స బూటకమేమీ కాదు గానీ, అది రేడియేషన్‌కు తోడు మాత్రమే. కణితిని సుమారు 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ వరకు గంటపాటు వేడి చేస్తే, రేడియేషన్‌కు దెబ్బతిన్న డీఎన్ఏను క్యాన్సర్ కణాలు సరిగా బాగుచేసుకోలేవు. పైగా రక్తప్రసరణ, దానితో ఆక్సిజన్ పెరిగి రేడియేషన్ మరింత బలంగా పనిచేస్తుంది. నెదర్లాండ్స్‌లో జరిగి, 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడిన పరిశోధనలో, ముదిరిన ముఖద్వార క్యాన్సర్ ఉన్నవారిలో మూడేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు రేడియేషన్ మాత్రమే తీసుకున్న వర్గంలో 27 శాతం కాగా, వేడిని కూడా జోడించిన వర్గంలో 51 శాతం. అయితే ఇప్పుడు రేడియేషన్‌తో పాటు సాధారణంగా సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందు కూడా ఇస్తున్నందున, అంతే అదనపు లాభాన్ని ఆశించడం సరికాదని నా అభిప్రాయం.

ఇంట్లో ఆవిరి పట్టడం, వేడినీళ్ల సంచి పెట్టడం దీనికి సమానం కావు. ఆ వేడి పొత్తికడుపు లోపలి కణితిని చేరదు సరికదా, రేడియేషన్ పడిన చర్మాన్ని కాల్చవచ్చు. హైపర్‌థెర్మియా సౌకర్యం ఎక్కడుందో రేడియేషన్ ఆంకాలజిస్టునే (రేడియేషన్ ఇచ్చే క్యాన్సర్ వైద్యుణ్నే) అడగండి; అమ్మగారికి పేస్‌మేకర్ గానీ, తుంటిలో లోహపు కీలు గానీ ఉంటే ముందే చెప్పండి.