సైకాలజీ డిగ్రీ తర్వాత ఏం చేయాలి? (సమాధానం)

చెల్లీ, బీఏ సైకాలజీ అయిపోయింది, ఆరు నెలల ఆన్‌లైన్ డిప్లొమా చేస్తే క్లినికల్ సైకాలజిస్ట్ అవుతానా అని అడిగావు. అవ్వవు. దయచేసి ఆ ఫీజు కట్టకు. ఆ పేరుతో పనిచేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చేసి అక్కడ రిజిస్టర్ కావాలి. ఇన్నాళ్లూ దారి పీజీ, ఆపైన రెండేళ్ల ఎం.ఫిల్. ఇప్పుడు ఆ కోర్సుల విధానం మారుతోంది కాబట్టి, చేరే ముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు రెండూ ఉన్నాయో లేదో నువ్వే చూసుకో. కాలేజీవాళ్ల మాట నమ్మి ఊరుకోకు.

మందులు రాయాలని ఉంటే అది సైకియాట్రీ, ఎంబీబీఎస్‌తో మొదలయ్యే వేరే దారి.

ముందు పీజీలో చేరు. నా పీజీ ప్రాక్టికల్స్‌లో మొదటి కేసు పదహారేళ్ల అబ్బాయి. నేను ఏది అడిగినా పక్కనుంచి వాళ్లమ్మే జవాబు చెప్పేది. అతను చొక్కా గుండీ తిప్పుతూ కూర్చున్నాడు. ఆమెను కాసేపు బయట కూర్చోమన్నాక, పావుగంటకు నోరు విప్పాడు. ఆ పావుగంట మౌనం నీకు భారంగా అనిపించకపోతే క్లినికల్ వైపు ధైర్యంగా వెళ్లు. లేదంటే స్కూల్ కౌన్సెలింగ్, కంపెనీల్లో హెచ్‌ఆర్ కూడా మంచి దారులే. నాన్నగారికి ఈ ఏళ్ల లెక్క ఇప్పుడే చెప్పెయ్.