అద్దె కట్టే డబ్బుతోనే ఈఎంఐ కట్టి హైదరాబాద్‌లో సొంత ఫ్లాట్ కొనలేమా?

చాలామంది ఈఎంఐ దాకా వెళ్లకుండానే ఆగిపోతారు. ముందు చేతిలో ఉండాల్సిన డబ్బే అసలు అడ్డంకి.

60 లక్షల ఫ్లాట్ అనుకోండి. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అంటే గరిష్ఠంగా 48 లక్షలు, మిగతా 12 లక్షలు మనవే. చాలామందికి ఆలస్యంగా తెలిసే సంగతి, ఆ విలువలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలపరు. తెలంగాణలో అవన్నీ కలిపి 7.5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు. ఇంకా నిర్మాణంలో ఉన్న ఫ్లాటయితే 5 శాతం జీఎస్టీ, ఇంకో 3 లక్షలు. మొత్తం పందొమ్మిదిన్నర లక్షలు, కప్‌బోర్డులు, ఫ్యాన్లు కాక!

ఇక 48 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 41,650. ఇప్పుడు 20 వేలు అద్దె కడుతుంటే అది రెట్టింపు. పైగా నిర్మాణంలో ఉన్న ఫ్లాటయితే తాళాలు చేతికొచ్చేదాకా అద్దె, రుణ వడ్డీ రెండూ మోయాలి. ఇంట్లో బంగారం తాకట్టుకు వెళ్లే పరిస్థితి అప్పుడు రావొచ్చు.

డౌన్‌పేమెంట్ కోసం పర్సనల్ లోన్ మాత్రం వద్దంటాను. దాని వాయిదా లెక్కేసి బ్యాంకు గృహరుణాన్నే తగ్గిస్తుంది.