నాలుగు గంటలు కొట్టుకున్నా మునగని ఓడలు

ప్రశ్న: అమెరికా సివిల్ వార్‌లో రెండు ఇనప కవచం ఓడలు నాలుగు గంటలు కాల్చుకున్నా ఏదీ మునగలేదంట కదా. అంత దగ్గర నుంచి కొట్టుకుని కూడా ఎలా సార్?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీరనేది 1862 మార్చి 9న హాంప్టన్ రోడ్స్ అనే ఓడరేవు దగ్గర జరిగిన పోరు. కవచం గట్టిది కాబట్టి అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు గానీ అది సగం జవాబే, ఆ రోజు రెండు వైపులా సరైన మందుగుండు వాడలేదు, అసలు సంగతి అది.

దక్షిణాది వాళ్ళ ఓడ వర్జీనియా. యూనియన్ (అంటే ఉత్తరాది) నౌకాదళం నార్ఫోక్ రేవు నుంచి పోతూ పోతూ తగలబెట్టేసిన మెరిమాక్ అనే ఓడని పైకి లేపి, దాని మీద రెండడుగుల మందం కలప, ఆ పైన రెండేసి అంగుళాల ఇనప పలకలు రెండు వరసలు బిగించి తయారు చేశారు. ఇంజన్లు మాత్రం ఆ పాత డొక్కువే, ఓడ తిరగడానికే అరగంట పట్టేది. అయినా 8వ తారీఖున కంబర్లాండ్ అనే చెక్క ఓడని ముక్కుతో పొడిచి ముంచేసింది, కాంగ్రెస్ అనే ఇంకో ఓడని తగలబెట్టింది, ఆ రెండింట్లో కలిపి 200 మందికి పైగా పోయారు. కాకపోతే పొడిచిన ఊపులో ఆ ఇనప ముక్కు విరిగి కంబర్లాండ్‌లోనే ఉండిపోయింది. మర్నాడు కూడా చెక్క ఓడలతోనే పని అనుకుని పేలే గుండ్లే పెట్టుకొచ్చారు, కవచాన్ని చీల్చే గుండ్లు ఓడలో లేవు, తీరా చూస్తే ఎదురుగా యూనియన్ వాళ్ళ ఇనప ఓడ మానిటర్!

దీన్ని ఎరిక్సన్ అనే స్వీడన్ ఇంజనీరు డిజైన్ చేస్తే బ్రూక్లిన్‌లో సుమారు 100 రోజుల్లో కట్టేశారు. నీళ్ళ పైన పెద్దగా ఏమీ కనపడదు, మధ్యలో గుండ్రంగా తిరిగే టరెట్ (ఫిరంగులుండే ఇనప గది), దానికి అంగుళం మందం పలకలు 8 వరసలు, లోపల 11 అంగుళాల ఫిరంగులు రెండు. టరెట్ తిరగడం మొదలెడితే అనుకున్న చోట ఆపడం కష్టం, దాంతో తిరుగుతుండగానే గురి కుదిరినప్పుడు కాల్చేవాళ్ళు. ఫిరంగి పేలిపోతుందన్న భయంతో గుండుకి 15 పౌన్ల మందే వాడాలని ఆర్డరు, తర్వాత టెస్టుల్లో దానికి రెట్టింపు పెట్టినా ఏం కాదని తేలింది. ఆ రోజే 30 పౌన్లు దట్టించి ఉంటే వర్జీనియా పని అయిపోయేదని నా అనుమానం.

వర్జీనియాలో ఒక లెఫ్టినెంట్ కాల్చడం ఆపేసి, రెండు గంటల్నుంచి కొడుతున్నాం, చిటికెలు వేసినా దానికి ఇంతే డామేజ్ అవుతుంది అన్నాడట, పాపం.

ప్రశ్న: మరి గెలిచిందెవరు?
– అదే పాఠకుడు

జవాబు: డ్రా అంటారు. చివర్లో గుండు తగిలి మానిటర్ కెప్టెన్ వార్డెన్ కళ్ళు దెబ్బతినడంతో ఆ ఓడ కాస్త పక్కకి తప్పుకుంది, సముద్రం ఆటు మీదుండి నీటి లోతు తగ్గుతోందని వర్జీనియా కూడా వెనక్కి పోయింది. నన్నడిగితే యూనియన్‌దే పైచేయి, వాళ్ళ బ్లాకేడ్ (దక్షిణాది రేవుల దిగ్బంధం) చెక్కుచెదరలేదు కదా. మే 11న సొంత సిబ్బందే వర్జీనియాని పేల్చేశారు, మానిటర్ ఆ డిసెంబరు 31న కేప్ హటెరస్ దగ్గర తుఫానులో మునిగి 16 మంది చనిపోయారు. 2002లో పైకి తీసిన దాని టరెట్ న్యూపోర్ట్ న్యూస్‌లోని మ్యూజియంలో ఉంది, అటు వెళ్ళే పని పడితే చూసి రండి.