ఫోన్ వైపు కాదు, వేలు వైపు చూడు

చిరంజీవి సౌమ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఈసారి మీ బడిలో చిన్న క్లాసుల పిల్లల చదువును ఫోన్లో పరీక్షించే పని నువ్వే అడిగి తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. దేవరకొండ అవతల తండా బడికి పోస్టింగ్ వచ్చిందని ఏడ్చిన పిల్లవి నువ్వేనా అనిపించింది. చాలా గర్వంగా ఉంది. అంతే టెన్షన్‌గానూ ఉంది, అందుకే రాస్తున్నా.

ఫోన్ రాత్రే చార్జింగ్ పెట్టుకో. సిగ్నల్ లేనప్పుడు వివరాలు ఫోన్లోనే ఉండి తర్వాత అప్‌లోడ్ అవుతాయో లేదో ముందే చూసుకో. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు.

నా భయం వేరు. మా బడిలో జరిగింది చెప్తాను, విను.

అప్పట్లో అంతా కాగితమే. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, ఆ తర్వాత కథ. పిల్లలకు చదవడం ఎంత వచ్చిందో చూసే అసర్ సర్వేవాళ్లు 2005 నుంచి ఊరూరా తిరిగి చదివిస్తున్న పద్ధతే. రెండో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి చదివించాలి. ఆ పని చూస్తున్న టీచరు వరండాలో కుర్చీ వేసుకుంది. మిగతా పిల్లలంతా పక్కనే వరసలో నిలబడ్డారు. అందరికీ అదే పేరా. నలుగురైదుగురు అయ్యాక ఒక పిల్లాడి వంతు వచ్చింది. పేరా మీద వేలు పెట్టి గడగడా అప్పజెప్పేశాడు. వాడి నోరు మూడో వాక్యంలో ఉంది, వేలు మాత్రం మొదటి లైను దాటలేదు. ‘చెరువు’ అంటున్నప్పుడు వేలు ‘కుక్క’ మీద ఉంది. టీచరు తలెత్తలేదు. ‘పేరా చదవగలడు’ అని టిక్కు పెట్టేసింది. వాడు చూసి చదవలేదమ్మా అని నేను చెప్పాను. లిస్టు సాయంత్రానికల్లా పంపాలి అంది.

ఆ టిక్కుతో వాడిని చదవడం వచ్చిన పిల్లల గుంపులో కూర్చోబెట్టారు. ఇక గుణింతాలు మళ్లీ చెప్పినవాళ్లు లేరు. ఐదో తరగతిలో నా దగ్గరికి వచ్చేసరికి ‘కి’కీ ‘కీ’కీ తేడా తెలియదు. చదవమంటే పక్కవాడి నోటి వైపు చూసేవాడు. పద్యం ఒక్కసారి వింటే మాత్రం తిరిగి చెప్పేసేవాడు. అంత చురుకైన పిల్లాడు మూడేళ్ల పాటు చదవడం వచ్చినట్టు నెట్టుకొచ్చాడు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఫోన్‌తో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. తప్పు చదివిన పదం నొక్కాలి, నిమిషం అయిందో లేదో చూడాలి. నీ కళ్లు స్క్రీన్‌కే అతుక్కుపోతాయి. అందుకని పేరా నీకు కంఠతా వచ్చేదాకా ముందే చదువుకో, అప్పుడు పిల్ల వేలు మీద చూపు ఉంచగలవు. మిగతా పిల్లలకు వినపడని చోట కూర్చో. పేరాలు మార్చి మార్చి ఇవ్వు. అసర్‌లోనూ ఒకే నమూనా అందరికీ ఇవ్వరు. అనుమానం వస్తే మధ్యలో ఒక పదం చూపించి ఇదేంటమ్మా అని అడుగు, తేలిపోతుంది.

ఇంకోటి. నీ పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. కొత్తగా ఫోన్ ఎదురుగా పెడితే బిగుసుకుపోతారు. నోరు విప్పలేదని సున్నా నొక్కావో, నాతో మాట్లాడకు! ముందు వాళ్ల మేకపిల్ల గురించి అడుగు, నవ్వించు. ‘చదువు’ను ‘సదువు’ అని పలికితే అది వాళ్ల యాస, తప్పు కాదు. గూగుల్ రీడ్ అలాంగ్ లాంటి యాప్‌లు పిల్లలు చదువుతుంటే వాటంతట అవే విని తప్పులు చెప్తాయట. సాధన చేయించడానికి మంచివే. వచ్చిందా రాలేదా అన్నది మాత్రం నీ చెవితో విని నువ్వే తేల్చు.

చిన్న పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ వాళ్లు మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలన్నారు కదా, ఆ అంకె చూసి హడలిపోకు. హిందీలో రెండు మూడు ముక్కలుగా రాసేదాన్ని మనం ‘వెళ్లిపోతున్నాడు’ అని ఒక్క పదంగా రాస్తాం, అందుకే మన పిల్లలకు నిమిషంలో పదాల లెక్క తక్కువ వస్తుంది. 2022లో బడి పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లల్ని పరీక్షించినప్పుడు భాష భాషకూ వేరే కొలతే పెట్టింది. నెమ్మదిగా చదివిన పిల్లను, కథలో ఎవరు ఏం చేశారో అడుగు. చెప్పిందంటే ఆ పిల్లకు చదువు వస్తున్నట్టే.

ఒక్క రోజులో క్లాసంతా ముగించెయ్యాలని చూడకు. నీకు చిన్నప్పటి నుంచీ తొందరే, అన్నం కూడా నిలబడి తింటావు. రోజుకు కొద్దిమందినే పిలువు, మధ్యలో కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగు. ఎండకు తట్టుకోలేవు, నాకు తెలుసు.

అప్‌లోడ్ చేసినంత మాత్రాన పని అయిపోయిందనుకోకు. ఎవరు ఎక్కడ ఆగారో ఆ సాయంత్రమే నోట్‌బుక్కులో రాసుకుని, మర్నాటి పాఠం దాన్ని బట్టి మొదలుపెట్టు. దసరాకి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకురా. ఎవరికి గుణింతాలు రావట్లేదో, ఎవరు ఒత్తుల దగ్గర తడబడుతున్నారో ఇద్దరం కూర్చుని చూద్దాం. నా అక్షరాల అట్టముక్కలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. వెళ్లేటప్పుడు పట్టుకెళ్లు.

మీ పెద్దమ్మ