నాటకం చూసొచ్చి రాసేటప్పుడు

చి. అమ్మాయికి,
ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే మీద రాసిన నాటకం ‘లేడీ డే ఎట్ ఎమర్సన్స్ బార్ అండ్ గ్రిల్’ మీ ఊళ్లో వేస్తున్నారని తెలిసి, అంత చలిలో బస్సెక్కి వెళ్లి చూసొచ్చావంటే చాలా సంతోషమేసింది. ఆ రాత్రే రాయడానికి కూర్చున్నావు చూడు, అది ఇంకా నచ్చింది.

కానీ నువ్వు చూసిన నాటకం ఈ వ్యాసంలో ఎక్కడుంది? 1915లో ఫిలడెల్ఫియాలో పుట్టింది అని మొదలుపెట్టి బాల్యం, పాటలు, మత్తుమందులు, జైలు, 44 ఏళ్లకే చావు, అన్నీ వరసగా చెప్పుకుపోయావు. అన్నీ నిజాలే. టికెట్ కొననివాళ్లు కూడా రాయగల నిజాలు.

నాటకం రాసిన లేనీ రాబర్ట్‌సన్ ఏం చేశాడో చూడు. అంత బతుకులోంచి ఒక్క రాత్రి ఏరుకున్నాడు. 1959 మార్చి, ఫిలడెల్ఫియాలో ఒక చిన్న బారు. ఆమె చనిపోయింది అదే ఏడాది జులైలో. ఆట గంటన్నరే. ఆమె పాడుతుంది, తాగుతుంది, మధ్యలో కబుర్లలో పడుతుంది. మనకు తెలియాల్సిన గతమంతా ఆ కబుర్లలోనే దొర్లుతుంది.

అంత పేరున్న గాయని అలాంటి బారులో ఎందుకు పాడుతోంది? నువ్వు ఆగాల్సింది అక్కడ. 1947లో మత్తుమందుల కేసులో శిక్ష పడ్డాక న్యూయార్క్‌లో ఆమె క్యాబరే కార్డు, అంటే క్లబ్బుల్లో పాడే అనుమతి పత్రం, పోయింది. అది లేకపోతే ఆ రోజుల్లో ఆ నగరంలో మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడనిచ్చేవారు కాదు. జైలు నుంచి వచ్చిన కొద్ది రోజులకే, 1948 మార్చిలో, ఆమె పాట కోసం కార్నెగీ హాల్ కిక్కిరిసిపోయింది. అంత పెద్ద హాల్లో పాడొచ్చు, అదే ఊళ్లో ఒక చిన్న క్లబ్బులో పాడకూడదు! ఇది తెలిశాక స్టేజి మీది బల్లలూ గ్లాసులూ వేరుగా కనిపిస్తాయి. ‘జైలు జీవితం ఆమెను కుంగదీసింది’ అని రాశావే, ఆ వాక్యం కొట్టేసి ఈ కార్డు సంగతి పెట్టు.

ఇక ఆ పియానో ఆయన, జిమ్మీ పవర్స్. నీ వ్యాసంలో ఆయన ఊసే లేదు, నాకు చాలా వెలితిగా అనిపించింది. ఆమె మాటల్లో దారి తప్పినప్పుడల్లా తర్వాతి పాట ఎత్తుగడ వాయించి వెనక్కి పిలుస్తుంటాడు. మన పద్యనాటకంలో నటుడు తడబడితే హార్మోనిస్టు శ్రుతి పట్టి ఆదుకోడూ, అలాగ. ఒక్కోసారి ఆమె ఆ పిలుపు అందుకుంటుంది, ఒక్కోసారి వినిపించుకోదు. అసలు నాటకం ఆ ఇద్దరి మధ్యే నడుస్తోందని నేను నమ్ముతాను. బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్క్ పెద్ద నాటకశాలల్లో, ఈ పాత్ర వేసిన ఆడ్రా మెక్‌డొనాల్డ్‌కు 2014లో టోనీ నాటక అవార్డు వచ్చింది మ్యూజికల్స్ విభాగంలో కాదు, మామూలు నాటకాల విభాగంలో. పాటకూ పాటకూ మధ్య ఆమె ఏం చేసిందో రికార్డింగ్‌లో చూడు. ఒకచోట లోపలికి వెళ్లి తిరిగొస్తుంది. మోచేతి పైదాకా ఉన్న గ్లౌజు ఒకటి కిందికి జారి ఉంటుంది, చేతి మీద సూది గుర్తులు. మీ ఊరి నటి ఆ చోట ఏం చేసింది? అది నువ్వు చెబితేనే నాకు తెలుస్తుంది.

ఆ రెస్టారెంట్ కథ కూడా వదిలేశావు. ఆర్టీ షా జాజ్ బృందంలో తెల్లవాళ్లతో కలిసి అమెరికా దక్షిణాదిన తిరిగే రోజుల్లో, నల్లవాళ్లకు బాత్‌రూమ్ లేదు పొమ్మన్న హోటల్ ఆవిడ కథ. దాన్ని ఆమె నవ్విస్తూ చెబుతుంది. జనం నవ్వుతారు, నవ్వుతూ నవ్వుతూ ఎక్కడో ఆగిపోతారు. మీ హాల్లో ఏ మాట దగ్గర ఆగిపోయారు? నీ పక్క సీటువాళ్లు? నువ్వు? ‘గుండె పిండేసింది’ అని నాలుగు చోట్ల రాశావు. ఆ నవ్వు ఆగిన చోటు సరిగ్గా పట్టుకుంటే ఆ నాలుగూ అక్కర్లేదు.

జీవితమంతా చెప్పకూడదని కాదు నేననేది. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మీద 2024లో బ్రాడ్‌వేకి వచ్చిన ‘ఎ వండర్‌ఫుల్ వరల్డ్’ జీవితమంతా చెబుతుంది. కానీ నలుగురు భార్యల వైపు నుంచి చెబుతుంది. వాళ్లలో లిల్ హార్డిన్ స్వయంగా పియానిస్టు. బృందం నాయకుడు కింగ్ ఆలివర్ వెనక రెండో కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) వాయించేవాడిగా ఉండిపోకు, బయటికి రా అని ఆర్మ్‌స్ట్రాంగ్ వెంటపడింది ఆమే. ఆమె వైపు నిలబడి చూస్తే అందరికీ తెలిసిన ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా కొత్తగా కనిపిస్తాడు. నువ్వూ ఎక్కడో ఒకచోట నిలబడాలి. పియానో పక్కనా, ముందు వరస బల్ల దగ్గరా, నీ ఇష్టం.

వీలైతే ఇంకోసారి వెళ్లు. ఈసారి నోట్‌బుక్కు లేకుండా వెళ్లి, ఆమె పాడనప్పుడు కూడా ఆమెనే చూడు. వచ్చాక ఆ రెస్టారెంట్ కథ భాగం ఒక్కటే రాసి పంపు. పేజీ చాలు. పత్రికకు పంపే తొందరేం పెట్టుకోకు, అది చదివాక ఫోన్లో మాట్లాడుకుందాం.

ఉంటాను.