పాపకు ఇప్పుడే వేయించండి అక్కా (2022లో ఒక అక్క ప్రశ్నకు రాసిన జవాబు, అప్పటి పద్ధతులే ఇవి)

పన్నెండు నిండిన పాపకు కోవిడ్ టీకా ఇప్పుడే వేయించాలా, ఏడేళ్ల బాబుకూ వచ్చేదాకా ఆగి ఇద్దరికీ కలిపి వేయించాలా అని అడిగారు కదా. పాపను ఆపకండి అక్కా. 2022 మార్చి 16 నుంచి 12–14 ఏళ్ల వాళ్లకు ప్రభుత్వ కేంద్రాల్లో కార్బెవ్యాక్స్ అనే కోవిడ్ టీకా ఉచితంగా వేస్తున్నారు. మన హైదరాబాద్‌లో తయారైనదే. రెండు డోసులు, మధ్య 28 రోజులు. ఈమధ్యే కోవిడ్ వచ్చి ఉంటే మాత్రం తగ్గాక మూడు నెలలు ఆగాలి.

ఇక్కడ బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా వాడికి శనివారం వేయించాం. టిఫిన్ పెట్టి తీసుకెళ్లాను, అరగంట కూర్చోబెట్టారు. ఒకరోజు చెయ్యి నొప్పి, అంతే.

బాబు వయసుకి ఇంకా మొదలుపెట్టలేదు, టెన్షన్ వద్దు. కానీ ఐదేళ్లప్పటి డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) బూస్టర్ పడిందా? లాక్‌డౌన్‌లో మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది మరిచిపోయారు. నాకు దాని గురించే ఎక్కువ బెంగ. ఈరోజే బాబు టీకాల కార్డు తీసి చూడండి.